లూప్ లైన్లో ఆగిన బండిని కూడా చూడండి: తెలుగు రైలు అభిమానులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్లాట్‌ఫాం చివర కెమెరా పట్టుకుని నిలబడే రైలు అభిమానులందరికీ నమస్కారం.

సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ 2023 సంక్రాంతి నాడు పట్టాలెక్కింది. అప్పటి నుంచి మీరు తీస్తున్న వీడియోలు చూస్తూనే ఉన్నాం. కృష్ణా బ్రిడ్జి మీదా, రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి దగ్గరా, అరకు దారిలో శిమిలిగూడ మలుపుల్లోనూ ఎండ ఎటు పడుతుందో, బండి ఎన్నింటికి వస్తుందో లెక్కగట్టుకుని తీస్తున్నారు. ఆ ఓపికంటే మాకు గౌరవం. అయితే వందే భారత్ వీడియోల్లో చాలాచోట్ల పక్క లూప్ లైన్లో (వేరే బండికి దారివ్వడానికి స్టేషన్లో మెయిన్ లైన్ పక్కన వేసిన పట్టాల మీద) ఒక ప్యాసింజర్ బండి ఆగి ఉంటుంది. వందే భారత్ వెళ్ళడం కోసమే దాన్ని పక్కన పెట్టారు. దాని నంబరేమిటో, ఎంతసేపటి నుంచి ఆగి ఉందో, అందులో ఎంతమంది ఉన్నారో వీడియో కింద ఎవరూ రాయడం లేదు.

ఈ ఉత్తరం ఆ బండి గురించే. ప్యాసింజర్ బండిని ఫోటో తీయడంతో సరిపెట్టకుండా లెక్కతో సహా రాసిపెట్టమని అడుగుతున్నాం. బండి పోయాక ఫోటో జ్ఞాపకంగా మిగులుతుంది. పోకముందు రాసిన లెక్కయితే దాన్ని నిలబెట్టడానికి పనికొస్తుంది.

2020 మార్చి చివర్లో దేశంలో ప్యాసింజర్ బండ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు చాలావాటికి సున్నాతో మొదలయ్యే స్పెషల్ నంబర్లు ఇచ్చారు, ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. పది రూపాయల కనీస టికెట్ ముప్పై అయింది. 200 కిలోమీటర్లు దాటిన ప్యాసింజర్లను ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చాలన్న నిర్ణయంతో దూరపు బండ్లకు చిన్న స్టేషన్లలో ఆగడం పోయింది. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీలు వెనక్కి వచ్చాయి. పోయిన స్టాపులు మాత్రం అన్నీ రాలేదు. అన్నాళ్ళూ పెరిగిన చార్జీ కట్టలేక షేర్ ఆటోకో పల్లెవెలుగు బస్సుకో అలవాటు పడినవాళ్ళలో చాలామంది మళ్ళీ స్టేషన్ వైపు రాలేదు.

ప్యాసింజర్ బండిని ఒక్క ఆర్డరుతో ఆపేయడం అరుదు. ముందు దాని టైము నలభై నిమిషాలు జరుపుతారు. దాంతో కాలేజీ పిల్లలకీ, కోర్టు పనుల మీద వెళ్ళేవాళ్ళకీ అది అందకుండా పోతుంది. తర్వాత దారిలో రెండు మూడు లూపులు తగులుతాయి. ఎక్కడో డబ్లింగ్ పనో (రెండో లైను వేయడం), నాన్-ఇంటర్‌లాకింగ్ పనో (సిగ్నళ్ళూ పాయింట్లూ విడదీసి చేసే పని) వస్తే మొట్టమొదట రద్దయ్యేది ఇదే. పండగ స్పెషల్‌కి పెట్టెలు తక్కువైతే దీని రేకే (పెట్టెల వరసే) లాక్కుపోతారు. ఇన్ని జరిగాక ప్రయాణికులు తగ్గుతారు. అప్పుడు "ఆదరణ లేదు" అని ఫైలు మీద రాస్తారు. ఆ మాట రాసేనాటికి మన దగ్గర వేరే లెక్క ఉంటే దాన్ని ముందు పెట్టి మాట్లాడొచ్చు. లేకపోతే వాళ్ళు రాసిందే నిలుస్తుంది.

టికెట్ల అమ్మకం రైల్వే దగ్గర ఉంటుంది కదా, మళ్ళీ మనమెందుకు లెక్కపెట్టడం అని అడగొచ్చు. అన్‌రిజర్వుడు టికెట్ మీద బండి నంబరు ఉండదు. ఉదయం ఆరింటి ప్యాసింజర్‌కి కొన్నారా, ఏడింటి మెముకి (విడిగా ఇంజిన్ లేకుండా కరెంటుతో నడిచే లోకల్ బండికి) కొన్నారా అన్నది దాన్నిబట్టి తేలదు. సీజన్ టికెట్ కొనేది నెలకోసారి, ఎక్కేది రోజుకు రెండుసార్లు. ఎక్స్‌ప్రెస్ టికెట్ కొనుక్కుని, అది దాటిపోతే వెనకొచ్చే ప్యాసింజర్ ఎక్కినవాళ్ళు ఎక్స్‌ప్రెస్ ఖాతాలో పడతారు. పల్లె నుంచి పట్నం పోయి సాయంత్రం తిరిగొచ్చే మనిషి తిరుగు టికెట్ పట్నం కౌంటర్లో కొంటాడు కాబట్టి ఆ డబ్బు పట్నం స్టేషన్ రాబడి అవుతుంది, పల్లె స్టేషన్ లెక్కలో అతను సగం మనిషే. ఇక హాల్టులో (రైల్వే సిబ్బంది ఉండని చిన్న స్టేషన్లో) కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు కూడా లేకపోతే టికెట్ ఇచ్చే దిక్కే ఉండదు. అప్పుడప్పుడు మనుషుల్ని పెట్టి లెక్కించినా, ఏ వారం లెక్కించారన్న దాన్నిబట్టి ఫలితం మారిపోతుంది.

బ్రిటన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 1963లో అక్కడి రైల్వే బోర్డు అధ్యక్షుడు బీచింగ్ ఇచ్చిన నివేదిక 2,363 స్టేషన్లు మూసేయమంది. ప్రయాణికుల రద్దీకి అది ఆధారంగా తీసుకున్నది 1961 ఏప్రిల్ 23తో ముగిసిన ఒకే ఒక్క వారం. సముద్రతీరపు ఊళ్ళకు జనం కిటకిటలాడుతూ వెళ్ళేది వేసవి నెలల్లో, ఆ రద్దీ ఏప్రిల్ లెక్కలో కనిపించలేదు. పైగా రాబడిని టికెట్ అమ్మిన స్టేషన్‌కి కట్టారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి దిగే ఊళ్ళు దాంతో నష్టాల ఊళ్ళుగా తేలాయి. అక్కడ అప్పుడు రైలు అభిమానులకు కొదవ లేదు. ప్రతి ప్లాట్‌ఫాం మీదా ఇంజిన్ నంబర్లు రాసుకునే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ పుస్తకాల్లో ఇంజిన్లు భద్రంగా ఉన్నాయి, ప్రయాణికులు లేరు.

అదే దేశంలో సెటిల్–కార్లైల్ లైనును 1980లలో మూసేయబోయారు. 1981లో ఏర్పడిన అభిమానుల సంఘం ఊరుకోలేదు. మూసివేత మీద 22 వేలకు పైగా అభ్యంతరాలు వెళ్ళాయి. లైనులో ప్రయాణికులు పెరుగుతున్నారని, ఆ దారిలోని పెద్ద వంతెన మరమ్మతుకు చెప్పినంత ఖర్చు కాదని తేలాక 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ లైను ఇవాళ్టికీ నడుస్తోంది.

ఇక పనిలోకి వద్దాం. నోట్‌బుక్కులో బండికో పేజీ కేటాయించండి. తేదీ, వారం, బండి నంబరు, లోకో (ఇంజిన్) నంబరు, పెట్టెల నంబర్లు వరసలో, వచ్చిన టైము, కదిలిన టైము, ఏ లైన్లోకి వచ్చింది, ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు, బండిలో సుమారు ఎంతమంది, ఆ రోజు ప్రత్యేకత ఏమైనా ఉందా (సంత, పరీక్ష, వాన, పండగ). ఇంతే. దీనికి మించిన ఫారాలు తయారుచేసినవాళ్ళు వారం తిరక్కుండా మానేస్తారు.

బండి నంబరు మొదటి అంకె చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. 5 అయితే ఇంజిన్ లాగే మామూలు ప్యాసింజర్, 6 మెము, 7 డెము (మెము లాంటిదే, డీజిల్‌తో నడిచేది) లేదా రైలుబస్సు, సున్నా అయితే స్పెషల్. స్పెషల్ నంబరుతో ఏళ్ళ తరబడి నడిచే బండి మీద కన్నేసి ఉంచండి. రెగ్యులర్ టైంటేబుల్లో లేని బండిని ఆపడానికి పెద్ద ప్రకటన అక్కర్లేదు, గడువు పొడిగించకపోతే చాలు.

పెట్టె నంబరు రాసుకోమనడం సరదాకి కాదు. మొదటి రెండంకెలు తయారైన ఏడాది, చివరి మూడు పెట్టె రకం. 201 నుంచి 400 దాకా స్లీపర్, 401 నుంచి 600 దాకా జనరల్, 701 నుంచి 800 దాకా ఎస్ఎల్ఆర్ (గార్డు గదీ సామాన్ల గదీ ఉండే పెట్టె). ఉదాహరణకి 99432 అని ఉంటే అది 1999 నాటి జనరల్ పెట్టె. ఐసీఎఫ్ (చెన్నై పెరంబూరు ఫ్యాక్టరీ పాత డిజైను) పెట్టె ఆయుష్షు 25 ఏళ్ళని లెక్క. పెట్టె చివరి గోడ మీద కింది భాగంలో చిన్న అక్షరాలతో పీఓహెచ్ (గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతు) ఏ వర్క్‌షాపులో అయింది, ఏ నెలలో మళ్ళీ పంపాలి అన్నది రాసి ఉంటుంది. మన వైపు బండ్ల మీద ఎక్కువగా కనిపించేవి లాలాగూడ, తిరుపతి. 25 ఏళ్ళు దగ్గరపడిన పెట్టెకి తిరుగు తేదీ కూడా దగ్గరపడితే అది మళ్ళీ బండిలోకి రాకపోవచ్చు. ఇరవై ఏళ్ళు దాటిన జనరల్ పెట్టెల కిటికీలు మూసేసి కార్లు మోసే ఎన్ఎంజీ పెట్టెలుగా మార్చేస్తున్నారు కూడా. ఒక రేకులో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయంటే ఆ బండి ఏడాదిలోపు మెముగా మారడమో, పెట్టెలు తగ్గడమో జరుగుతుందని ముందే ఊహించొచ్చు. ఆ ఐసీఎఫ్ డిజైనులో చివరి పెట్టె పెరంబూరు ఫ్యాక్టరీ నుంచి 2018లో బయటికొచ్చింది. ఇంకా కొంతకాలం కనిపిస్తాయి గానీ, పెట్టెల్ని పాత పద్ధతిలో కలిపే స్క్రూ కప్లింగు, పక్క బఫర్లు అన్ని పెట్టెలకీ ఉన్న ప్యాసింజర్ రేకు దొరికితే రెండు పెట్టెల మధ్య భాగాన్ని దగ్గర్నుంచి, బండి ఆగి ఉన్నప్పుడు, ప్లాట్‌ఫాం మీద నుంచే తీసిపెట్టండి. సాధారణంగా ఎవరూ తీయని ఫోటో అది.

మెము వస్తే ఏడవాలని మేం అనడం లేదు. ఆగిన చోట నుంచి వేగం త్వరగా అందుకుంటుంది, చివరి స్టేషన్లో ఇంజిన్ తిప్పే పని ఉండదు. కిలోమీటరుకో హాల్టు ఉన్న లైన్లో మెము మంచి బండి. కాకపోతే పన్నెండు పెట్టెల రేకు పోయి ఎనిమిది పెట్టెల మెము వచ్చిందా, మరుగుదొడ్డి లేని పాత రేకు ఇచ్చారా, పాల క్యాన్లూ కూరగాయల బుట్టలూ పెట్టుకునే ఎస్ఎల్ఆర్ పోయిందా అన్నవి రాయాలి. పాత రేకు ఆఖరి రోజు, కొత్త రేకు మొదటి రోజు రెండింటి లెక్కా ఒకే పేజీలో పక్కపక్కన ఉంటే అధికారులతో మాట్లాడటం తేలిక.

జనాన్ని లెక్కపెట్టడమే అసలు కష్టం. ఎక్కేవాళ్ళని బండి వచ్చాక లెక్కపెట్టలేరు. రావడానికి అయిదు నిమిషాల ముందు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత పరిగెత్తుకొచ్చినవాళ్ళని విడిగా కలపండి. వేరే బండి కోసం ఆగినవాళ్ళు కదలరు కాబట్టి, బండి వెళ్ళాక మిగిలినవాళ్ళని లెక్కపెట్టి తీసేయండి. దిగేవాళ్ళని బయటికెళ్ళే దారి దగ్గర లెక్కపెట్టాలి. చిన్న స్టేషన్లో జనం గేటులోంచే పోరు. ప్లాట్‌ఫాం చివర దిగి పట్టాలు దాటి ఊళ్ళోకి పోతారు. అందుకే ఇద్దరుండటం మంచిది, ఒకరు గేటు దగ్గర, ఇంకొకరు ఆ చివర.

బండి లోపలి లెక్కకి వీడియోనే దారి. జనరల్ పెట్టెల మధ్య నడిచే దారి సాధారణంగా ఉండదు, లోపల తిరిగి లెక్కపెడదామంటే కుదరదు. బండి బయల్దేరే వైపు ప్లాట్‌ఫాం మీద, పసుపు గీత వెనక నిలబడి, ఫోన్ అడ్డంగా పట్టుకుని, కదపకుండా ఉంచండి. బండి మెల్లగా కదులుతుంటే పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా ముందు నుంచి పోతాయి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. ఎండలో ఫోన్ బయటి గోడ వెలుగు చూసి లోపలంతా నల్లగా చేసేస్తుంది. బండి ఆగి ఉండగానే ఒక కిటికీ లోపలి చీకటి మీద వేలు నొక్కి ఉంచి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. గోడ తెల్లగా మాడిపోయినా ఫరవాలేదు, మనకి కావాల్సింది తలలు. ఉంటే సెకనుకు 60 ఫ్రేములు పెట్టండి, ఆపి చూసినప్పుడు చెదరదు. చీకటి పడ్డాక లోపల దీపాలుంటాయి గనక ఇంకా సులువు.

ఇంటికెళ్ళి పెట్టె పెట్టెకీ లెక్కపెట్టండి. ఐసీఎఫ్ జనరల్ పెట్టెలో 90 సీట్లు, ఎంతమందికో పెట్టె మీదే రాసి ఉంటుంది. అవతలి గుమ్మంలో నిలబడ్డవాళ్ళూ, పై బల్ల మీద పడుకున్నవాళ్ళూ కనిపించరు కాబట్టి మీ అంకె ఎప్పుడూ అసలు కంటే తక్కువే వస్తుంది. దాన్ని పెంచకండి. "కనీసం ఇంతమంది" అని రాయండి. పెంచిన అంకెను ఒక్కసారి ఎవరైనా పట్టుకుంటే మిగతా పేజీలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. లెక్క అయ్యాక ముఖాలు కనిపించే వీడియో ఎవరికీ పంపకండి. కిటికీ పక్కన కూర్చున్న ఆడవాళ్ళు మన లెక్క కోసం రాలేదు.

బయల్దేరే స్టేషన్లోనో చేరే స్టేషన్లోనో లెక్కపెడితే బండి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఆ బండి ఎక్కడ కిక్కిరుస్తుందో ముందు కనుక్కోండి. సాధారణంగా పట్నానికి రెండు మూడు స్టేషన్ల ముందు. అక్కడొక లెక్క, సగం దారిలో ఒక లెక్క ఉండాలి. రోజుల ఎంపికలో బీచింగ్ చేసిన తప్పు మనం చేయొద్దు. కాలేజీలు తెరిచి ఉన్న మామూలు వారం ఒకటి పూర్తిగా, సోమవారం, శనివారం, సంత రోజు కలిసేలా తీసుకోండి. ఆ తర్వాతే పండగ వారం. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి పోయే 45 కిలోమీటర్ల లైను సంగతే చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేస్తే 2004లో మళ్ళీ వచ్చిన లైను, ఒంటిపెట్టె రైలుబస్సు తిరిగిన లైను. అలాంటిచోట కార్తీక మాసం లెక్క ఒకటీ, ఆషాఢం లెక్క ఒకటీ ఉంటే తప్ప నిజం తెలియదు. కార్తీక సోమవారం ఒక్కటే చూపించి రోజూ ఇంతే జనం అనడమూ అబద్ధమే అవుతుంది.

టైముల విషయంలో యాప్‌ని నమ్మకండి. స్టేషన్ మాస్టర్ ఉన్నచోట టైము నమోదవుతుంది. రెండు స్టేషన్ల మధ్య ఉండే హాల్టులో ఎవరూ నమోదు చేయరు, యాప్ చూపేది అంచనా. ఫోన్‌లో నెట్‌వర్క్ టైము పెట్టుకుని, చక్రం పూర్తిగా ఆగినప్పుడు వచ్చినట్టూ, చక్రం కదిలినప్పుడు బయల్దేరినట్టూ రాయండి. ఇంకో సంగతి. సమయపాలన చూసేది చివరి స్టేషన్లో. అందుకే టైంటేబుల్లో ఆఖరి పది కిలోమీటర్లకి అరగంటో ముప్పావుగంటో ఇచ్చి ఉంచుతారు. మధ్యలో గంట ఆలస్యంగా నడిచిన బండి చివర్లో సరైన టైముకి చేరినట్టు కనిపిస్తుంది. దారిలో దిగేవాళ్ళకి ఆ గంట పోయినట్టే. కాబట్టి మధ్య స్టేషన్ల టైములే మనకి విలువైనవి.

లూప్‌లో పడినప్పుడు నాలుగు టైములు రాయండి: బండి ఆగింది, వెనక బండి మెయిన్ లైన్లో దాటింది, స్టార్టర్ సిగ్నల్ (బండి బయల్దేరడానికి ఇచ్చేది) పడింది, మన బండి కదిలింది. లూప్‌లోకి తీసుకుంటున్నారని ముందే తెలుస్తుంది. స్టేషన్లోకి వచ్చే ముందుండే హోం సిగ్నల్లో పసుపు దీపంతో పాటు అయిదు తెల్ల దీపాల వరస ఏటవాలుగా వెలుగుతుంది. బండి 15 కిలోమీటర్ల వేగంతోనో, మంచి పాయింట్లుంటే 30తోనో లోపలికొస్తుంది. వెనక బండి దాటగానే మనది ఎందుకు కదలదని జనం విసుక్కుంటారు. అబ్సల్యూట్ బ్లాక్ (ఒక లైన్లో రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒకే బండి) ఉన్నచోట ముందెళ్ళిన బండి తర్వాతి స్టేషన్ చేరి లైన్ క్లియర్ వచ్చేదాకా స్టార్టర్ ఇవ్వరు. ఆటోమేటిక్ సిగ్నలింగ్ ఉంటే వెనకే పంపొచ్చు. మొదటి రకం చోట పదిహేను నిమిషాలు ఆగడం సహజం. నలభై నిమిషాల ముందే తెచ్చి పక్కన పెట్టడం, ఒక ఎక్స్‌ప్రెస్ దాటాక రెండోదాని కోసం కూడా ఆపడం, ఇవి మార్చగలిగినవి. ఏది సహజం, ఏది మార్చదగ్గది అని వేరుచేసి చూపిస్తేనే ఆపరేటింగ్ విభాగం మన కాగితాన్ని చదువుతుంది. లేకపోతే అది అన్ని ఫిర్యాదుల్లాంటి ఫిర్యాదే.

రేకు లింకు కూడా కనుక్కోండి. ఒకే రేకు రోజులో మూడు నాలుగు నంబర్లతో తిరుగుతుంది. మీ ఊరి సాయంత్రం బండి రోజూ ఆలస్యమవుతోందంటే తప్పు మధ్యాహ్నం ఇంకెక్కడో తిరిగిన బండిలో ఉండొచ్చు. పెట్టె నంబర్లు రాసుకోవడం ఇక్కడా పనికొస్తుంది. రెండు స్టేషన్లలో ఇద్దరు ఒకే రోజు రాసినవి పోల్చితే లింకు బయటపడుతుంది.

రద్దు ప్రకటనలు వచ్చిన రోజే దాచుకోండి. కొన్నాళ్ళకి అవి దొరకవు. పూర్తి రద్దు, పాక్షిక రద్దు వేరువేరుగా, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అన్నది కూడా రాయండి. నెలలో ముప్పై రోజులకి బండి నిజంగా ఎన్ని రోజులు పూర్తిగా నడిచిందన్న ఒక్క అంకె, ఆదరణ లేదన్న మాటకి సూటి జవాబు. నెలలో పన్నెండు రోజులు రాని బండిని నమ్ముకుని ఎవరూ సీజన్ టికెట్ కొనరు.

మీ లెక్క సిద్ధమయ్యాక రైల్వే లెక్క అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు. "ఈ బండి ఎందుకు ఆపారు" అని అడిగితే జవాబు రాదు, అది సమాచారం కాదంటారు. "ఫలానా నెలల్లో ఫలానా స్టేషన్లో అమ్మిన అన్‌రిజర్వుడు, సీజన్ టికెట్ల నెలవారీ సంఖ్య, ఫలానా నంబరు బండి పూర్తిగా, పాక్షికంగా రద్దయిన తేదీలు, ప్రయాణికుల లెక్క తీసి ఉంటే ఆ తేదీలు, ఆ నివేదిక నకలు" అని అడగండి. తర్వాత వినతి. టైము, లూప్, రేకు విషయాలు రైల్వే డివిజన్లో సీనియర్ డీఓఎంకి (బండ్ల నడక చూసే అధికారికి) వెళ్ళాలి. హాల్టు, టికెట్ కౌంటర్, ఏజెంటు విషయాలు సీనియర్ డీసీఎంకి (వాణిజ్య విభాగం అధికారికి). రెండూ కలిపి ఒకే కాగితం మీద డీఆర్ఎంకి (డివిజన్ మొత్తానికి పై అధికారికి) రాస్తే అది రెండు బల్లల మధ్య తిరుగుతూ ఉంటుంది. డివిజన్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘంలో మీ ప్రాంత సభ్యులెవరో తెలుసుకుని వాళ్ళ చేతికీ ఒక నకలు ఇవ్వండి. 2025 టైంటేబుల్ జనవరి 1న అమల్లోకి వచ్చింది. జనవరిలో రావాల్సిన మార్పుని డిసెంబరులో అడిగి లాభం లేదు, కనీసం ఆర్నెల్ల ముందే కాగితం చేరాలి. ఒక పేజీ చాలు, వెనక పట్టిక జతచేయండి.

జాగ్రత్తల గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. పట్టాల మీదికి దిగి తీయడం రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, ఎలక్ట్రిక్ ఇంజిన్ వెనక నుంచి వస్తే చప్పుడు తెలియదు, డబుల్ లైన్లో రెండో బండి మొదటి బండి చాటున వస్తుంది. పైన తీగల్లో 25 వేల వోల్టులు. ముట్టుకోకపోయినా ప్రమాదమే, రెండు మీటర్ల లోపలికి సెల్ఫీ కర్రో ట్రైపాడో వెళ్ళనివ్వకండి. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద కర్ర బయటికి చాపకండి. లోకో పైలట్ కళ్ళలోకి ఫ్లాష్ కొట్టకండి. మిలటరీ బండ్లు తీయకండి. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్ళు అడిగితే నోట్‌బుక్ చూపించి మర్యాదగా చెప్పండి, వద్దంటే ఆ రోజుకి వచ్చేయండి. ప్లాట్‌ఫాం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. వీలైతే దాని బదులు ప్రయాణం టికెట్టే కొని ఒక స్టేషన్ దాకా ఆ బండిలో వెళ్ళండి, కనీస చార్జీ అదే పది రూపాయలు. ఆ స్టేషన్ అమ్మకంలో ఒక నిజమైన ప్రయాణికుడు చేరతాడు. ఎక్కకుండా టికెట్లు మాత్రం కొనిపెట్టకండి.

ఇదంతా ఎక్కడ దాస్తారన్నదీ ముఖ్యమే. ఫోటోల్ని వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా అసలు ఫైలే దాచండి. ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత బండి నంబరు, తర్వాత స్టేషన్ పెట్టండి. ఇరవై ఏళ్ళ తర్వాత వెతికేవాళ్ళకి అదే దారి. ముఖాలు లేని ఫోటోలు వికీమీడియా కామన్స్‌లో పెడితే మన ఫోన్లు పోయినా అవి ఉంటాయి. హాల్టు మూతపడే సూచన ఉంటే ముందు మూడు భాషల పసుపు బోర్డు, దాని కింద సముద్రమట్టం ఎత్తు, దగ్గర్లోని కిలోమీటరు రాయి, టికెట్ గది లోపలి చార్జీల పట్టిక తీయండి. అట్టముక్క టికెట్లు పెద్దవాళ్ళ దగ్గర ఉంటే రెండు వైపులా స్కాన్ చేయండి.

నౌపడ–గుణుపూర్ చిన్న లైను 2004 జూన్ 9న ఆగిపోయింది. పర్లాకిమిడి రాజావారు వేయించిన 90 కిలోమీటర్ల నారో గేజి అది. 2011లో దాని స్థానంలో బ్రాడ్ గేజి వచ్చింది. ఇవాళ వెతికితే ఆ చిన్న ఇంజిన్ల ఫోటోలు దొరుకుతాయి. ఏ స్టేషన్లో ఏ రోజు సంతకి ఎంతమంది దిగేవాళ్ళు, ఏ బండి కాలేజీకి అందేది అన్నది మాత్రం ఆ ఊళ్ళలో ముసలివాళ్ళని అడిగి తెలుసుకోవాల్సిందే.

మీలో ఒక్కొక్కరు ఒక్కో బండిని ఎంచుకోండి, మీ ఊరికి దగ్గరగా ఉన్నదీ, నిత్యం చూడగలిగినదీ. జంక్షన్లతో మొదలుపెట్టకండి, అక్కడ ఎలాగూ సిబ్బందీ రికార్డులూ ఉంటాయి. హాల్టులతో మొదలుపెట్టండి. ముందుగా 2020 తర్వాత స్టాపు పోయిన హాల్టులు, ఆ తర్వాత రోజుకి ఒక్క జత బండ్లే మిగిలినవి. వందే భారత్ ఎలాగూ తీస్తారు, తీయండి. అది దాటిపోయాక కెమెరా సంచిలో పెట్టేయకుండా ఇంకో పావుగంట ఆగి, స్టార్టర్ పడిన టైము రాసుకోండి.

ఇట్లు,
మీ తోటి రైలు అభిమానులు